తాతయ్య పసరు, ఆ రెండు ఎలుకలు

ఈసారి ఉత్తరం ఒక పరిశోధక విద్యార్థిని రాశారు. పేరు, ఊరు, కాలేజీ బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఆ గుర్తులన్నీ తీసేసి సంగతి మాత్రం చెబుతున్నాను.

ఆమెకు 27 ఏళ్ళు. ఎం.ఫార్మసీ అయ్యాక ఫార్మకాలజీలో పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నారు. చిన్నతనమంతా నల్లమల అంచున ఒక పల్లెలో, అమ్మమ్మ తాతయ్యల దగ్గర గడిచింది. తాతయ్యకు ఇప్పుడు 78. చుట్టుపక్కల ఊళ్ళకు యాభై ఏళ్ళుగా పచ్చకామెర్ల పసరు ఆయనే ఇస్తున్నారు. ఆదివారం, గురువారం తెల్లవారకముందే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి ఆకు కోసుకొస్తారు. రోట్లో నూరి, పాత పంచె గుడ్డలో వేసి పిండి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. మూడు మోతాదులు. ఆపైన పదకొండు రోజులు ఉప్పులేని పథ్యం. డబ్బు ముట్టరు. నయమైనవాళ్ళు కొబ్బరికాయ తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్తారు. ఆకు పేరు బయటికి చెబితే మందు పనిచేయదని ఆ ఇంటి కట్టుబాటు. మగపిల్లలెవరూ నేర్చుకోకపోవడంతో ఆ పేరు మనవరాలి చెవిన వేశారు.

మనవరాలు దాన్నే పీహెచ్‌డీకి అంశంగా తీసుకున్నారు. ఆకును నీడన ఎండబెట్టి, పొడిచేసి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో మిథనాల్ ద్రావకాన్ని మరిగిస్తూ 18 గంటలు సారం తీశారు. పారాసెటమాల్ ఎక్కువ మోతాదులో ఇచ్చి కాలేయం దెబ్బతీసిన ఎలుకలకు ఆ సారం తాగించారు. గుంపుకు ఆరు చొప్పున అయిదు గుంపులు, మొత్తం 30 ఎలుకలు. కిలోకు 200 మిల్లీగ్రాముల దగ్గర తేడా ఏమీ లేదు. 400 దగ్గర నాలుగు ఎలుకల్లో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) తగ్గింది, రెండింటిలో తగ్గలేదు. ఆ రెండింటినీ కలిపి లెక్కేస్తే ఫలితం నిలబడదు, తీసేస్తే నిలబడుతుంది. "అవి రెండూ మొదట్నుంచీ జబ్బువై ఉంటాయి, తీసేసి పేపర్ రాయి" అన్నారట గైడ్.

ఇంటి దగ్గర ఇంకో చిక్కు. ఆ ఆకును పొడికొట్టి సీసాల్లో అమ్మాలని, సీసా మీద 'ల్యాబ్‌లో రుజువైంది' అని వేసి కింద ఈమె పేరూ డిగ్రీ పెట్టాలని మేనమామ పట్టుబడుతున్నాడు. తాతయ్య మాత్రం ప్రతి ఆదివారం ఫోన్లో ఒక్కటే అడుగుతారు: "మన ఆకు గురించి మీ మిషన్లు ఏమన్నాయమ్మా?" ఏడాదిగా "ఇంకా చూస్తున్నాం తాతయ్యా" అని దాటేస్తున్నారు. ఉత్తరం చివర ఇలా రాశారు: "నిజం చెబితే ఆయన యాభై ఏళ్ళు చేసిందంతా ఉత్తదని నా నోటితో అన్నట్టవుతుంది. చెప్పకపోతే ఆయన్ని మోసం చేస్తున్నట్టుంది. ఆదివారం వస్తోందంటేనే గుబులుగా ఉంటోంది."

అమ్మా,

ఆకు పేరు మీరు ఉత్తరంలో రాశారు. నేనిక్కడ రాయను. కామెర్లనగానే అందరికీ తట్టే నేలఉసిరి మాత్రం కాదని చెబుతాను, ఎందుకంటే నేలఉసిరి కథ కాసేపట్లో మనకు కావాలి.

ముందు నా సంగతి ఒకటి చెప్పుకుంటాను. నాకు తొమ్మిదో ఏట కామెర్లు వచ్చాయి. మా అమ్మ రెండు బస్సులు మారి ఒక పసరు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ చేదు సాయంత్రం దాకా నాలుక వదల్లేదు. ఇంటికొచ్చాక చప్పిడి మజ్జిగన్నం, చెరుకు రసం. మూడు వారాలకు కళ్ళు తెల్లబడ్డాయి. ఆ పసరే నన్ను బతికించిందని ఫార్మసీలో చేరేదాకా నమ్మాను. అదే ఎండాకాలం మా వీధిలో ఇంకో ముగ్గురు పిల్లలకు కామెర్లు వచ్చాయి, అందరమూ ఒకే బావి నీళ్ళు తాగేవాళ్ళం. వాళ్ళలో ఇద్దరు ఏ పసరూ తాగలేదు. వాళ్ళకూ మూడు నాలుగు వారాల్లోనే తగ్గింది. నేను వాళ్ళతో రోజూ ఆడుకున్నాను, కళ్ళారా చూశాను, అయినా ఆ సంగతి నా లెక్కలోకి రాలేదు. కాబట్టి మీ తాతగారి నమ్మకాన్ని తేలిక చేసి మాట్లాడే అర్హత నాకు లేదు.

ఇక తొందరగా తేలాల్సినది ఆ రెండు ఎలుకల సంగతి. పేపర్ రాయమని గైడ్ వెంటపడుతున్నారు కాబట్టి దాన్నే ముందు చూద్దాం.

ప్రయోగంలోంచి జంతువును తీసేయడానికి న్యాయమైన దారి లేకపోలేదు. ఫలానా లక్షణం కనబడితే తీసేస్తామని ముందే రాసిపెట్టుకోవాలి, ఆ లక్షణానికి మందు ఫలితంతో సంబంధం ఉండకూడదు. గొట్టంతో తాగించేటప్పుడు మందు ఊపిరితిత్తుల్లోకి పోవడం, మోతాదు మొదలుకాకముందే బరువు బాగా పడిపోవడం, రక్తం తీసినప్పుడు కణాలు పగిలి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం) ఎర్రబడటం, ఇలాంటివి. మీ రిజిస్టర్ తీయండి. ఆ రెండు ఎలుకల రోజువారీ బరువులు చూడండి. ఆ రోజు సీరం గడ్డిరంగులో ఉందా ఎర్రగా ఉందా, రాసుకున్నారేమో చూడండి. ఏదైనా దొరికితే దాన్ని పేరు పెట్టి రాసి తీసేయొచ్చు. ఏమీ దొరక్కపోతే వాటి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, మందు వాటి మీద పనిచేయలేదని. ఆ కారణంతో తీసేయడమంటే మందు పనిచేసిన ఎలుకల్ని మాత్రం ఏరుకుని, మందు పనిచేసిందని చెప్పుకోవడమే.

ఇంకో సాక్ష్యం మీ దగ్గరే ఉంది. 30 ఎలుకల కాలేయం ముక్కలూ ఫార్మలిన్‌లో దాచానని రాశారు. వాటి స్లైడ్ల మీద గుంపుల పేర్లు కప్పేసి, అంకెలు మాత్రం ఉంచి, మీ ప్రయోగం గురించి ఏమీ తెలియని పాథాలజిస్టుతో చదివించండి. ఏది మందు తాగిన ఎలుకో తెలియని కన్ను చెప్పే మాట మీకూ మీ గైడ్‌కూ ఇద్దరికీ పనికొస్తుంది.

గైడ్‌తో గొడవకు దిగమని నేను చెప్పను. సంతకం పెట్టాల్సింది ఆయనే, నాలుగేళ్ళ కష్టం ఆయన చేతిలో ఉంది. మర్యాదగానే ఒక మెయిల్ రాయొచ్చు: "సార్, ఆ రెండింటినీ ఏ ప్రమాణం ప్రకారం తీసేస్తున్నామో చెప్పండి, పద్ధతుల అధ్యాయంలో రాస్తాను." నోటిమాటగా తేలిగ్గా అనేసినది కాగితం మీద రాయమంటే చాలామంది ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆయన వెనక్కి తగ్గకపోతే, ఆరింటితో లెక్క, నాలుగింటితో లెక్క, రెండూ థీసిస్‌లో పక్కపక్కన పెడతానని అడగండి. ఎగ్జామినర్ ఏది నమ్మాలో తనే తేల్చుకుంటాడు. దీనివల్ల పెద్ద జర్నల్ చేజారవచ్చు, ఆరు నెలలు ఆలస్యం కావచ్చు, గైడ్ ముఖం కొన్నాళ్ళు మాడ్చుకోవచ్చు. వీటిలో ఏదీ చిన్న కష్టం కాదని నాకు తెలుసు. కానీ 'పనిచేయలేదు' అని తేలినా పీహెచ్‌డీ వస్తుంది, పద్ధతి సరిగ్గా ఉంటే చాలు.

ఆయన చెప్పినట్టే చేస్తే పని త్వరగా అయిపోతుంది. అయితే మీ కాలేజీ జంతు నైతిక కమిటీ రికార్డుల్లో 30 ఎలుకలుంటాయి, మీ పట్టికలో 28 ఉంటాయి. ఎవరైనా అడిగిన రోజు జవాబు చెప్పుకోవాల్సింది మీరు. దానికంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. నేను చదివిన చోట ఒక సీనియర్ థీసిస్‌లో ఇలాగే కొన్ని ఎలుకలు మాయమయ్యాయి. ఆ థీసిస్‌ను నమ్మి దాని మీద తన పని కట్టుకున్న జూనియర్ అమ్మాయి రెండేళ్ళు అదే ఫలితం కోసం తంటాలు పడింది. తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుని చివరికి చదువు మానేసింది. ఆ అమ్మాయి ల్యాబ్ కోటు మడిచి, గూట్లో పెట్టి వెళ్ళిపోవడం నేను చూశాను.

నేలఉసిరి కథ ఇక్కడ చెప్పాలి. 1988లో లాన్సెట్ పత్రికలో మద్రాసు నుంచి ఒక పరిశోధన వచ్చింది. హెపటైటిస్ బి వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవాళ్ళకు నేలఉసిరి పొడి 200 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనబడకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా అయింది. ఆ బృందంలో హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఉన్నారు. 59 శాతం ఎక్కడ, 4 శాతం ఎక్కడ! ప్రపంచమంతా నేలఉసిరి వైపు తిరిగింది. ఆ తర్వాత వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. మనుషుల మీద చేసి, పోల్చడానికి ఇంకో గుంపును పెట్టుకుని, ఉన్నదున్నట్టు రాసిన ఫలితమే రెండోసారికి నిలబడలేదు. ఆరింటిలో నాలుగు ఎలుకల మీద ఎంత బరువు మోపగలమో ఆలోచించండి.

పేపర్ బలపడటానికి, యాంటీఆక్సిడెంట్ గుణాన్ని చూసే డీపీపీహెచ్ పరీక్ష ఫలితాన్ని ముందుకు తెమ్మని గైడ్ అన్నారని కూడా రాశారు. ఆ ఊదా ద్రావణంలో మన టీ డికాక్షన్ రెండు చుక్కలు వేసినా పసుపు రంగుకు తిరుగుతుంది. పరీక్షనాళికలో రంగు మారడానికీ, మనిషి కాలేయం బాగుపడటానికీ మధ్య చాలా దూరం. ఆ ఫలితాన్ని ఉంచుకోండి, కానీ థీసిస్ బరువు దాని మీద వేయకండి.

ఇక, మిషన్లు తాతయ్య మందును కాదన్నాయని మీరు అనుకుంటున్నారు. అవి కాదన్నది దేన్నో ఒక్కసారి చూడండి. తాతగారు ఇచ్చేది పచ్చి ఆకు రసం, పొయ్యి ముఖం చూడనిది. తాగేది చాలావరకు వైరస్ వల్ల కామెర్లు వచ్చిన మనిషి. మీ సారం ఎండిన ఆకు నుంచి వచ్చింది, మిథనాల్ 65 డిగ్రీల దగ్గర మరుగుతుంటే అడుగు ఫ్లాస్కులో గంటల తరబడి ఆ వేడిలో ఉంది. తాగింది పారాసెటమాల్ విషమెక్కిన ఎలుక. రెండింటికీ ఆకు ఒక్కటే గానీ, మందు ఒక్కటి కాదు, జబ్బూ ఒక్కటి కాదు.

చైనాలో టూ యుయు బృందం మలేరియా మందు కోసం వెతుకుతున్నప్పుడు సరిగ్గా ఈ మలుపులోనే ఆగిపోయింది. చింగ్‌హావు మొక్క సారం ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హాంగ్ రాసిన పుస్తకాన్ని ఆవిడ మళ్ళీ చదివారు. అందులో గుప్పెడు ఆకు నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడికి మందు చెడిపోతోందేమోనని ఆవిడకు తట్టింది. 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో తీసి చూశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియా పరాన్నజీవిని పూర్తిగా తుడిచేసింది. 2015లో ఆవిడకు నోబెల్ వచ్చింది. ఇది చదువుతుంటే మీకు పాత పంచె గుడ్డ గుర్తొచ్చి ఉంటుంది. నాకూ అదే గుర్తొచ్చింది.

కాబట్టి పచ్చి రసాన్ని చల్లగానే తీసి, లయోఫిలైజర్‌లో (గడ్డకట్టించి, వేడి లేకుండా ఆరబెట్టే యంత్రంలో) ఆరబెట్టి ఇంకోసారి చేసి చూడటం మీ ముందున్న ఒక దారి. తాతగారు కోసే చోటే, కోసే వేళకే కోయాలి. దానికి ఎనిమిది నెలలో ఏడాదో పడుతుంది, కమిటీ అనుమతి మళ్ళీ తీసుకోవాలి, ఫెలోషిప్ గడువు చూసుకోవాలి. ఇందులో ఒక గోతి కూడా ఉంది. అవునని వచ్చేదాకా పద్ధతులు మార్చుకుంటూ పోతే ఏదో ఒకనాడు అవుననే వస్తుంది. మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద ఎన్ని ఎలుకలు, ఏ మోతాదు, ఎంత తేడా వస్తే వచ్చినట్టో రాసి, తేదీ వేసి, గైడ్‌తో సంతకం పెట్టించండి. ఆ ఒక్కసారితో ఆపేయండి.

మోతాదు లెక్క కూడా వేసుకోండి, ఇది మీ ఉత్తరంలో కనబడలేదు. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములంటే మనిషికి మార్చడానికి 6.2తో భాగిస్తాం. కిలోకు సుమారు 65 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి దాదాపు 3.9 గ్రాముల సారం. మీకు 100 గ్రాముల పొడికి 10 గ్రాముల సారం వచ్చింది కాబట్టి అది 39 గ్రాముల ఎండాకు. మీ ఆకు ఎండితే అయిదో వంతు అవుతుందని రాశారు, అంటే దగ్గర దగ్గర 195 గ్రాముల పచ్చాకు. తాతగారి గుప్పెడును మీరే తూచి 25 గ్రాములని రాశారు. నాలుగు ఎలుకల్లో కనబడిన మేలు నిజమే అనుకున్నా, అది ఆయన ఇచ్చే దానికి ఎనిమిది రెట్ల దగ్గర కనబడింది. పచ్చి రసంతో చేసేటప్పుడు తాతగారి గుప్పెడుకు సరిపడే మోతాదు ఒకటి తప్పకుండా పెట్టండి. లేకపోతే ఈసారి కూడా ఆయన మందును పరీక్షించినట్టు కాదు.

మామయ్య సంగతిలో నాకు సందేహమేమీ లేదు. పరీక్షించారనడం వేరు, రుజువైందనడం వేరు. అమ్మకానికి మందు తయారుచేయాలంటే 1940 నాటి ఔషధ చట్టం కింద ఆయుష్ లైసెన్సు ఉండాలి, ఇంట్లో పొడికొట్టి సీసాలకెత్తడం నేరం. లైసెన్సు తీసుకుంటే సీసం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది), పాదరసం 1 పీపీఎం దాటకూడదనే దగ్గర్నుంచి ఎన్నో పరీక్షలుంటాయి. మీ విష పరీక్షలో కిలోకు 2000 మిల్లీగ్రాములకు 14 రోజుల్లో ఏ ఎలుకా చావలేదంటే, ఆ పధ్నాలుగు రోజుల్లో చావలేదని మాత్రమే అర్థం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మూలికా బిళ్ళల్లో ఒక వేరు బదులు ఇంకో వేరు కలిసింది. అది మన ఈశ్వరవేరు కుటుంబానిది. వందమందికి పైగా ఆడవాళ్ళ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. తాగిన పూట వాంతి అయ్యే విషాన్ని పల్లె అనుభవం పట్టుకుంటుంది. ఏళ్ళ తర్వాత మూత్రపిండాలను తినేసే దాన్ని పట్టుకోవడం దానికి కష్టం. పైగా మామయ్య అమ్మబోయేది ఎండు పొడి, తాతగారు ఇచ్చేది అది కాదు. మీ పేరు ఆ సీసా మీద వద్దని చెప్పండి. మామయ్యకు కోపమొస్తుంది. కొన్ని పండగలకు మాటలుండకపోవచ్చు. మొహమాటానికి పోయి 'చూద్దాంలే మామయ్యా' అంటే మాత్రం దాన్ని ఒప్పుకోలు కిందే తీసుకుని లేబుళ్ళు అచ్చు వేయిస్తాడు.

ఆకు పేరు రహస్యం గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు, అదే నాకు ఆశ్చర్యం. తాతగారు ఆ పేరు మీకు చెప్పారు. అచ్చు వేయడానికి ఒప్పుకున్నారా? థీసిస్‌లో మొక్క పేరు దాచడం కుదరదు, రేపు అది థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలోకి ఎక్కుతుంది, ఎవరైనా చూడొచ్చు. అచ్చయ్యాక దాని మీద ఇంకెవరైనా పేటెంటు కొట్టేయడం కష్టం, సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు లేదని మన పేటెంటు చట్టం 3(పి) సెక్షను ఎలాగూ చెబుతోంది. అది మంచిదే. కానీ పేరు తెలిసిన వ్యాపారి కూలీలను పెట్టి వేళ్ళతో సహా పీకించుకుపోతే ఆపేవాళ్ళుండరు.

కేరళలో అగస్త్యమల కొండల్లోని కాణీ గిరిజనుల కథ మీ పాఠాల్లో వచ్చే ఉంటుంది. 1987లో అడవిలో నడిచి అలసిపోయిన శాస్త్రవేత్తలు, తమతో వచ్చిన కాణీలు ఏవో పండ్లు తింటూ అలుపు లేకుండా నడవడం చూశారు. అదే ఆరోగ్యపచ్చ. దాంతో చేసిన జీవని అనే మందు లైసెన్సును తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షోద్యానం 10 లక్షల రూపాయలకు, 2 శాతం రాయల్టీకి ఇచ్చి, అందులో సగం కాణీల ట్రస్టుకు పంచింది. దేశదేశాల్లో మెచ్చుకున్నారు. అయినా తమ విద్యను బయటికి ఇచ్చేశారని కాణీ వైద్యుల్లోనే కొందరు నొచ్చుకున్నారు. అడిగి తీసుకున్న చోటే ఇలా ఉంటే, అడగకుండా తీసుకుంటే ఎలా ఉంటుంది? ఆయన్ని అడగండి. వద్దంటే థీసిస్ అంశం మీదే మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది, నాలుగో ఏట అది పెద్ద దెబ్బ. సరే అంటే, మీ పంచాయతీ జీవవైవిధ్య కమిటీ దగ్గర ఉండే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఆయన పేరుతో ఈ వైద్యాన్ని నమోదు చేయించవచ్చు. ఆ ఆకు మీ తాతగారికి తప్ప ఎవరికీ తెలియదని కూడా అనుకోకండి. కొండ అవతలి ఊళ్ళో ఇంకో ముసలాయన కూడా అదే కట్టుబాటుతో అదే ఆకు నూరుతుండవచ్చు.

ఇప్పుడు తాతయ్య దగ్గరికి వద్దాం.

ఆయన ముందు తీర్పు చదవాలని అనుకుంటున్నారు, అందుకే మీకు నోరు రావడం లేదు. తీర్పు చెప్పేంత మీకింకా తెలియదు. అడిగి తెలుసుకోవడానికి వెళ్ళండి. రెండు ఆదివారాలు, రెండు గురువారాలు ఆ అరుగు మీద ఆయన పక్కన నోటు పుస్తకం పట్టుకుని కూర్చోండి. వచ్చినవాళ్ళ వయసు, ఎన్ని రోజులైంది, మూత్రం రంగు, మలం రంగు, రక్త పరీక్ష చీటీ ఉంటే బిలిరుబిన్ (ఒంటిని పచ్చబరిచే పదార్థం) ఎంత, అన్నీ రాసుకోండి. నెల తర్వాత వాళ్ళందరికీ ఫోన్ చేయండి. అందరికీ. కొబ్బరికాయ తెచ్చినవాళ్ళు ఆయన కళ్ళకు కనబడతారు. తేనివాళ్ళు ఏమయ్యారో యాభై ఏళ్ళుగా ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. ఆ లెక్క మీ ఎలుకలు చెప్పలేవు. వచ్చేవాళ్ళను ఆపి సగం మందికి పసరు ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా చూడటమనేది మీరు సొంతంగా చేయాల్సిన పని కాదు. దానికి డాక్టర్లు, నైతిక కమిటీ, అనుమతులు కావాలి. ఊరికే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగడానికి మాత్రం మనసుంటే చాలు.

మీ రెండో పేజీలో ఒక వాక్యం రాసి, దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్ళిపోయారు: "పొట్ట ఉబ్బి వచ్చినవాళ్ళకు తాతయ్య పసరు ఇవ్వరు, ఒంగోలు తీసుకుపొమ్మంటారు." అమ్మా, ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది ఆ వాక్యమే. కామెర్లలో ఏది తనంతట తగ్గేదో, ఏది ప్రాణం మీదికి వచ్చేదో చూసి చెప్పే కన్ను ఆయనకుంది. ఊళ్ళో హస్తవాసి అంటున్నదాంట్లో ఈ చూపు కూడా కొంత కలిసి ఉంటుందని నా నమ్మకం. నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పైగా ఆయన పథ్యంలో సారా నిషేధం, కొట్లో కొన్న బిళ్ళలు నిషేధం, పొలం పని నిషేధం. దెబ్బతిన్న కాలేయానికి ఆ పదకొండు రోజుల విశ్రాంతి ఎంత మేలో మీరు ఫార్మకాలజీలో చదువుకున్నదే.

ప్రమాదమంతా మిగిలినవాళ్ళతోనే. హెపటైటిస్ ఇ నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే ప్రతి నలుగురైదుగురిలో ఒకరు చనిపోయే ప్రమాదముంది. మలం పిండిరంగులో తెల్లగా పోతూ, ఒళ్ళంతా దురద ఉంటే పైత్యరస నాళం మూసుకుపోయిందేమో చూడాలి, రాయి కావచ్చు, గడ్డ కావచ్చు. మాట తడబడుతూ మగతగా ఉన్నా, చిగుళ్ళలో రక్తం కారుతున్నా గంటలు లెక్క. పుట్టిన పసిబిడ్డ పచ్చబడితే ఎంత మాత్రం ఆగకూడదు. ఇలాంటివాళ్ళు పసరు తాగి పదకొండు రోజులు ఎదురుచూస్తే ఆ పదకొండు రోజులు తిరిగిరావు. పసరు మంచిదైనా కాకపోయినా సరే.

కాబట్టి ఆయనతో మాటలు ఇలా మొదలుపెట్టొచ్చు, మీ ఇంటి యాసలో చెప్పుకోండి: "తాతయ్యా, నువ్విచ్చే పచ్చి రసాన్ని నేనింకా చూడలేదు. ఎండబెట్టి, మిథనాల్లో తీసి చూశాను. కొన్ని ఎలుకలకు తగ్గింది, కొన్నిటికి తగ్గలేదు. గట్టిగా పనిచేసిందని చెప్పలేను. నువ్వు పొట్ట ఉబ్బినవాళ్ళని ఎందుకు పంపించేస్తావో నాకు చెప్పు. ఇంకెవర్ని పంపించాలో మనిద్దరం కూర్చుని రాద్దాం." ఇందులో అబద్ధం లేదు. ఆయన్ని తగ్గించే మాటా లేదు.

ఎలా తీసుకుంటారో నేను చెప్పలేను. నవ్వేసి "మిషన్లకేం తెలుసే" అనొచ్చు. "మరి ఇంతమంది ఎట్టా బతికారు?" అని నిలదీయొచ్చు, అప్పుడు పైన రాసిన సంగతులే నెమ్మదిగా చెప్పండి. మనసు విరిగి పసరు ఇవ్వడమే మానేయొచ్చు. ఆఖరిది జరిగితే మంచిదేనని తొందరపడి అనుకోకండి. ఆ తలుపు మూసుకుంటే జనమంతా ఆస్పత్రికి వెళ్తారని లేదు, కామెర్లకు చేతి మీద వాతలు పెట్టేవాడి దగ్గరికి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. ఆయన అరుగు మీద ఉంటూనే, పసరుకు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకుని రమ్మని అడిగితే, ఆయన మాట ఊళ్ళో ఏ గోడ మీది ప్రకటనకంటే బాగా వింటారు. గర్భిణి వస్తే నేరుగా బండి మాట్లాడి పంపించేది ఆయనే అయితే ఇంకా మంచిది. ఇదంతా ఒప్పుకుంటారో లేదో తెలియదు. అడిగే హక్కు మాత్రం ఇంట్లో ఎవరికన్నా ఎక్కువ మీకే ఉంది, ఆకు పేరు మీ చెవినే వేశారు కదా.

వెళ్ళేటప్పుడు మొక్కల ప్రెస్, పాత పేపర్లు పట్టుకెళ్ళండి. మీ ఉత్తరంలో హెర్బేరియం (ఆరబెట్టిన మొక్కల్ని గుర్తింపు కోసం దాచే చోటు) నమూనా సంఖ్య కనబడలేదు, ఆకు బయటివాళ్ళతో తెప్పించానని రాశారు. ఒకేలా కనిపించే రెండు మొక్కలు ఒకే మూటలో కలిసి రావడం ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు. ఈసారి తాతగారే కోయాలి, పువ్వూ కాయా ఉన్న కొమ్మ. దాన్ని ఆరబెట్టి షీటు మీద అతికించాక, కింద చీటీలో సేకరించినవారి పేరు అని ఒక గడి ఉంటుంది. ఆయన ఒప్పుకుంటే అక్కడ మీ పేరుకు ముందు ఆయన పేరు రాయండి.